వీపు మీద ఫుసాయె

"కూర్చోండి పెద్దాయనా," అంటూ బస్సులో తెల్లచొక్కా ఆఫీసు మనిషి లేవనే లేచాడు, నేను వద్దు వద్దన్నాను, ఆయన పట్టుబట్టాడు, చివరికి "వెనక మా ఆవిడ ఉందండీ, కూర్చుంటే నలిగిపోతుంది" అన్నాక ఒక్క క్షణం నా వీపు వైపు చూసి, ఓహో అని తల వంచి మళ్ళీ కూర్చున్నాడు. ఈ లోయలో పుట్టినవాడే అయ్యుండాలి, టోక్యోవాడైతే ఈపాటికి ఆసుపత్రికి ఫోన్ చేసేవాడు. ఇవాళ ఆగస్టు పదమూడు, బోన్ పండుగ మొదటి సాయంత్రం, పోయినవాళ్ళు ఇళ్ళకి వచ్చే రోజు; మా వైపు మాత్రం వాళ్ళంతట వాళ్ళని రమ్మని వదిలెయ్యం, సమాధి దగ్గరికి వెళ్ళి, అటు వీపు తిప్పి గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి చాపి, రా, ఎక్కు అని పిలిచి, చంటిపిల్లని మోసినట్టు ఇంటిదాకా మోసుకొస్తాం. నిరుడు నవంబరులో పోయింది కాబట్టి ఫుసాయెకి ఇదే మొదటి బోన్, నాకు ఇదే మొదటి మోత. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాళ్ళు పటపటమన్నాయి, పక్క సమాధి వాళ్ళు తిరిగి చూశారు, ఎక్కావా అన్నాను, గాలి లేదు, ఒకటే కీచురాళ్ళ మోత, సరే ఎక్కిందనుకుని లేచాను. బస్సెక్కేటప్పుడు తలుపు దగ్గర చీటీ తీసుకోవాలి కదా, దానికి ఒక చెయ్యి వదలక తప్పలేదు, ఆ చీటీ ఇప్పుడు నా పళ్ళ మధ్య ఉంది, ఒక్క చేత్తో ఆనించినా చాలు, ఆవిడదేం పెద్ద బరువు.

మా అబ్బాయి కునిహికోది పొద్దున్నుంచీ ఒకటే పాట. "నాన్నా, కారులో అయితే ఇరవై నిమిషాలు. బస్సెందుకు?" నీ కారెక్కితే మీ అమ్మకి వాంతులురా అన్నాను. "ఇప్పుడు కూడానా?" అన్నాడు. అలవాట్లు ఎక్కడికి పోతాయి అన్నాను. కోడలు చిహారు నవ్వాపుకుంటూ, "మామయ్యగారూ, ఆరున్నరకి కింద సైకిళ్ళ స్టాండు దగ్గర మంట వెలిగిస్తాం, ఇనప పళ్ళెంలో అయితే సరేనన్నారు అపార్ట్‌మెంటు మేనేజరుగారు, అప్పటికల్లా వచ్చెయ్యండి" అంది. మంటకి కావలసిన భూర్జ బెరడు పదిరోజుల కిందే కొని పొడిగా కట్టిపెట్టింది, వాళ్ళు నాలుగో అంతస్తులో ఉంటారు, నేనూ ఇప్పుడు అక్కడే ఉంటున్నాను, మంట చూసి ఆవిడ ఇల్లు పోల్చుకోవాలని వాళ్ళ ఆశ. మంట చూసి ఇల్లు పోల్చుకునే మనిషే అయితే నాకీ తిప్పలెందుకు. కారు వద్దనడానికి అసలు కారణం వాంతులు కాదు. ఆవిడతో ఒంటరిగా మాట్లాడుకోవడానికి నాకు ఈ ముప్పావుగంట కావాలి, ఎందుకంటే మన ఇల్లు అమ్మేశానని ఆవిడకి నేనింకా చెప్పలేదు.

నెలనెలా వెళ్ళాను సమాధికి. మనవరాలు అకారికి ముందుపళ్ళు వచ్చాయని చెప్పాను, నువ్వు నాటిన అల్లం మొక్క చచ్చిందని చెప్పాను, పెళ్ళాం పోయిన ఎదురింటాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని కూడా చెప్పాను, ఆ ముక్క విని ఆవిడ ఎంత నవ్వుకుందో. ఇదొక్కటే గొంతు దాటలేదు. ఏప్రిల్‌లో కాగితాల మీద ముద్ర వేశాను, ఎవరూ బలవంతపెట్టలేదు, కునిహికో అయితే ఇంకొక ఏడాది ఆగు నాన్నా అన్నాడు, అదే ఇంకా కష్టం, నింద వెయ్యడానికి మనిషి లేడు. ఇప్పుడీ బస్సు వ్యవసాయ సంఘం స్టాపు దాటింది, ఇక వంతెన, వంతెన తర్వాత కజిమాచి, అదే మన స్టాపు, యాభై మూడేళ్ళు మనం ఎక్కిన స్టాపు, దిగిన స్టాపు. అక్కడ తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకోగానే ఆవిడ నా వీపు మీంచి జారి దిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికి వెళ్ళిపోతే? పరాయివాళ్ళ ఇంటికి? అందుకే వంతెన లోపు చెప్పెయ్యాలి. ఫుసాయె, ఒక మాట. అంటే, చూడూ, ఈ ఏడాది మంచు బాగా పడిందిలే. ఊహూ, మంచు సంగతి కాదు.

ఇంకే మనిషైనా అయితే నాకింత భయం ఉండేది కాదు, ఈవిడకి దారి తెలియదు, అదీ సంగతి, పుట్టుకతోనే తెలియదు. పెళ్ళిచూపుల రోజునే బయటపడింది. ఊళ్ళో పెద్ద సత్రంలో ఒక గది తీసుకుని రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చున్నాం, పిల్ల చేతులు కడుక్కుని వస్తానని వెళ్ళింది, వెళ్ళింది, పావుగంటైంది, అరగంటైంది, పిల్లకి నేను నచ్చక పారిపోయిందనుకుని మా అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది, తీరా చూస్తే పక్క గదిలో ఇంకెవరివో పెళ్ళిచూపులు, ఈవిడ వెళ్ళి అక్కడ కూర్చుని టీ తాగుతోంది. ఏమ్మా, గది తప్పని తెలియలేదా అంటే, "అందరూ మర్యాదగా తల వంచారు, నేనూ వంచాను, అబ్బాయి ఇందాకటికంటే కాస్త లావయ్యాడనిపించింది" అంది. ఆ ఇంటివాళ్ళకీ పిల్ల తెగ నచ్చిందట. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే నా బతుకు ఏమయ్యేదో, ఇప్పటికీ తలచుకుని ఇలా బస్సులో ఒంటరిగా నవ్వుకుంటున్నాను, చీటీ పడిపోతుంది, పళ్ళు బిగించాలి.

నాది తతామి పని, గదుల్లో పరిచే గడ్డి చాపలు కుట్టే పని, మోచేతితో అదిమి అదిమి కుట్టాలి, అందుకే నా కుడి మోచేయి గుర్రపు డెక్కలా కాయకాచి ఉంటుంది, పెళ్ళైన మొదటివారం అది పట్టుకుని చూసి, ఇది మీరు పుట్టినప్పట్నుంచీ ఉందా అనడిగింది. చూసేవాళ్ళకి చాపలన్నీ ఒకటే, కానీ ఏ గదీ నికార్సైన నలుచదరం కాదు, ప్రతి చాపనీ దాని చోటు కొలిచి కుడతాం, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పాతవి ఎత్తుకొచ్చి గడ్డి మార్చి మళ్ళీ పరిచేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియడానికి కింద గుర్తు రాస్తాం, ఆ రాత పని ఆవిడది, ఒక్కసారైనా తప్పలేదు, ఎనిమిది చాపల గదైనా, గుడిలో వంద చాపల హాలైనా. చాపలకి దారి చూపించే మనిషి తాను మాత్రం కూరగాయల కొట్టుకి వెళ్ళి పొరుగూరి నుంచి ఫోన్ చేసేది. "ఏమండీ, ఇక్కడ ముల్లంగి బాగుంది, కానీ ఇది ఏ ఊరో అడిగితే బాగోదేమో." ఒకసారి కాలు బెణికితే నిజంగానే వీపు మీద మోశాను, వైద్యుడి ఇంటికి, నా చెవి పక్కనే నోరు పెట్టుకుని ఇటు తిప్పండి, అటు తిప్పండి అని దర్జాగా చెప్తోంది, కొత్త పెళ్ళాం కదా, కాదనలేక తిరిగాను, ఏటి ఒడ్డున తేలాం. అక్కడ రాయి మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టి, హాయిగా ఉంది, ఇక వైద్యుడెందుకు అంది. నిజంగానే తగ్గిపోయింది, నేను చెప్తే ఎవరూ నమ్మరు.

కునిహికోని మొదటిరోజు బడికి తీసుకెళ్ళింది కూడా ఆవిడే, నేను గుడి పనిలో ఉన్నాను, తూర్పు బడికి వెళ్ళాల్సినవాణ్ణి పడమటి బడికి తీసుకెళ్ళి వరసలో నిలబెట్టింది, ఫొటో తీసేదాకా ఎవరికీ తెలియలేదు, ఆ ఫొటో ఇప్పటికీ వాడి దగ్గరుంది, ముప్పై ఏడుగురు పిల్లలు, ముప్పై ఆరు బల్లలు, అందరికంటే పెద్దగా నవ్వుతున్నవాడు మావాడు. వాడి కూతురు అకారి దగ్గరికొచ్చేసరికి ఈ జబ్బే ఒక ఆటైపోయింది. ఆదివారం పూట నానమ్మా మనవరాలూ బియ్యపు ముద్దలు మూటకట్టుకుని, ఇవాళ ఎటు తప్పిపోదాం అనుకుంటూ బయల్దేరేవాళ్ళు. "నానమ్మతో వెళ్తే ప్రతిసారీ కొత్త దారి తాతయ్యా, నీతో వెళ్తే రోజూ అదే దారి" అని మొహం మీదే అనేసింది నన్ను, ఎనిమిదేళ్ళ పిల్ల. పోయేముందు ఆసుపత్రిలో కూడా అంతే, మంచం మీద మనిషి లేదని నర్సులు హడావుడి పడుతుంటే రెండంతస్తుల కింద పురుళ్ళ విభాగంలో దొరికింది, అద్దానికి ముక్కు ఆనించి పుట్టిన పిల్లల్ని చూస్తోంది. "బాత్‌రూమ్‌కని బయల్దేరాను, మంచి చోటికే వచ్చాను" అని నవ్వింది. ఆ సాయంత్రమే నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెప్పుడు వెళ్దామండీ?" అంది. ఈ వారంలోనే అన్నాను.

ఆ ఇంటికి. ప్రపంచం మొత్తం మీద ఆవిడ తప్పిపోని చోటు అదొక్కటే. కరెంటు పోయిన వేళ నేను తలుపు చెక్కకి నుదురు కొట్టుకునేవాణ్ణి, ఆవిడ మాత్రం వంటింట్లోంచి వేడి సూప్ గిన్నెతో పదకొండు అడుగులు నడిచి, ఒక మెట్టు దిగి, నేను చాపలు కుట్టే గదిలో నా ముందు పెట్టేది, చుక్క ఒలకకుండా. నేనేం చేశాను? ఆ ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఒక కుర్ర జంట చేతుల్లో పెట్టాను. రొట్టెల బట్టీ పెడుతున్నారట, మంచివాళ్ళు, తెలివైనవాళ్ళు, తతామి చాపలన్నీ ఎత్తేసి, మెట్టు కూడా లేకుండా నేలంతా చెక్క పరిచారు. కప్పు మీద మంచు తొయ్యలేక అమ్మానని అందరికీ చెప్పాను, నిచ్చెన మీంచి జారిన మాటా నిజమే. కానీ అసలు నిజం అది కాదు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో నాకే దారి తెలియడం మానేసింది. వంటింట్లోకి వచ్చి ఎందుకొచ్చానో తెలియక నిలబడేవాణ్ణి, పొద్దున లేచి పరుపు ఎటు మడవాలో తెలిసేది కాదు, పిలవబోయి ఆగిపోయేవాణ్ణి. భయమేసింది ఫుసాయె, అందుకని అమ్మేశాను. చూశావా, మనసులో ఎంత చక్కగా చెప్పాను, ఇదే నోటితో చెప్తే అయిపోయేదిగా, కానీ నోట్లో చీటీ ఉంది. అబద్ధం, చీటీ ఒక సాకు. అదిగో వంతెన కూడా దాటేశాం.

కజిమాచి, కజిమాచి అని టేపులో ఆడగొంతు, మామూలుగానే. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టి ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాను, కదలకు, ఇది మన స్టాపు కాదు, ఇంకా ఐదు స్టాపులున్నాయి, స్టేషను దాటాలి, అని లోపల్లోపల అంటూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. చేపల కొట్టు వాసనా, తడిపిన రోడ్డు వాసనా లోపలికి వచ్చాయి, దానిమీద కొత్తగా రొట్టె వాసన. ఒకావిడ ఎక్కింది, డెబ్బై ఏళ్ళుంటాయి, రెండు చేతుల్లో రెండు సంచులు, మెట్టు తట్టుకుంది, ఒక సంచి పిగిలింది, పీచు పళ్ళు, గులాబీ రంగు తిరిగి దోరగా పండినవి, ఒక్కొక్కటీ పసిపిల్ల తలంత, దొర్లుకుంటూ సీట్ల కిందికీ నా కాళ్ళ మీదికీ వచ్చాయి. నేనేం ఆలోచించలేదు. వంగాను, రెండు చేతులతోనూ ఏరాను, ఒకటి, రెండు, ఐదు, తెల్లచొక్కా ఆయన కూడా వంగాడు, చీటీ ఎక్కడో పడింది, అయ్యో దెబ్బ తగిలిందా అంటున్నాను పీచుపండుతో. ఏడో పండు ఆవిడ సంచిలో పెడుతూ నా చేతులు చూసుకున్నాను. రెండూ ముందున్నాయి.

వీపు ఖాళీగా ఉంది. తలుపు ఇంకా తెరిచే ఉంది, మెట్టు అవతల పేవ్‌మెంటు, దాని పక్క సందు, సందు చివర మన ఇంటి కప్పు అంచు కనబడుతోంది. ఎప్పుడు వదిలాను, మొదటి పండుకా, ఎక్కే మనిషికీ తలుపుకీ మధ్య సందు చేసుకుని తను దిగిపోయి ఉండదూ, తెలిసిన దారి అదొక్కటే కదా ఆవిడకి, వెళ్ళి తలుపు తోసి, పదకొండు అడుగులు లెక్కపెట్టి, లేని మెట్టు దిగబోయి, ఇదెవరి ఇల్లండీ అని ఆ కుర్రపిల్లని అడిగితే? పరుగెత్తి మెట్టు దగ్గరికి వెళ్ళాను. "దిగుతారా పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి చూస్తూ. దిగాలి. దిగి వెతకాలి. ఒక కాలు కింది మెట్టు మీద పెట్టాను, ఆ కాలు అక్కడే ఆగింది. వెతకడమంటే గుర్తొచ్చింది.

జెంకోజి గుడి, కొత్త సంవత్సరం, జనం, మంచు పడుతోంది, కునిహికో కడుపులో ఉన్నాడు. తాయెత్తు కొనుక్కొస్తాను, నిలబడు అని మనిషెత్తు ఉన్న ఒక రాతి దీపం దగ్గర వదిలి వెళ్ళాను, తిరిగొచ్చి చూస్తే కనబడలేదు, కనబడకపోవడం కాదు, నేనే తొందరపడి అక్కడ సరిగా చూడకుండా, ఈవిడ సంగతి తెలిసిందేగా అనుకుని గుడంతా గాలించాను, గేటు, అంగళ్ళు, స్టేషను, పోలీసు చౌకీ, రెండు గంటలు. చివరికి ఏడుపొచ్చి మొదటి చోటికి వస్తే రాతి దీపం వెనక గాలి తగలని పక్కన నిలబడి ఉంది, తల మీద మంచు టోపీ పెట్టినట్టు. ఎక్కడికి తప్పిపోయావ్ అని అరిచాను. ఆవిడ నాకంటే గట్టిగా, "నేనా? నేనెక్కడికీ పోలేదండీ, మీరు వదిలిన చోటే ఉన్నాను. తప్పిపోయింది మీరు!" అంది. ఎంత దారి తప్పే మనిషైనా, నేను చెయ్యి వదిలిన చోటునుంచి మాత్రం అడుగు కదిలేది కాదు, పెళ్ళిచూపులప్పుడు తప్ప, అప్పటికింకా నేను చెయ్యి పట్టుకోలేదుగా.

కాలు వెనక్కి తీసుకున్నాను. "దిగనండీ," అన్నాను డ్రైవరుతో, "చిన్న పొరపాటు జరిగింది. పళ్ళు ఏరుతూ మా ఆవిణ్ణి వదిలేశాను. ఇక్కడే ఉంది. మళ్ళీ ఎక్కించుకోవాలి." డ్రైవరు గడియారం చూశాడు. మా ఊళ్ళో బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే మర్నాడు నోటీసుబోర్డు మీద క్షమాపణ రాస్తారు. తెల్ల చేతితొడుగు సవరించుకుని మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు. "ప్రయాణికులకు మనవి. ఇంకొకరు ఎక్కవలసి ఉంది. కాసేపు ఆగుతాం. అసౌకర్యానికి మన్నించండి." పీచుపళ్ళావిడ తన సంచులు సీటు కిందికి జరిపి దారిచ్చింది. "నా వల్లేగా, అయ్యో," అంది, తర్వాత గొంతు తగ్గించి, "మా ఆయనైతే ఈపాటికి దిగి సారాకొట్లో దూరేవాడు. మీ ఆవిడ నయం."

పళ్ళు దొర్లిన చోటే, సీట్ల మధ్య, గొంతుక్కూర్చున్నాను, చేతులు వెనక్కి చాపాను. నోట్లో చీటీ లేదు ఇప్పుడు. ఇంతమంది ముందు చెప్పాల్సి వస్తుందనుకోలేదు, కానీ ఇక ఎప్పుడు చెప్తాను. "ఫుసాయె, మన ఇల్లు అమ్మేశాను. నిన్నడక్కుండా అమ్మేశాను, తప్పే. ఆ సందులోకి వెళ్ళినా అక్కడ మనవాళ్ళెవరూ లేరు. నేను నాలుగో అంతస్తులో ఉంటున్నాను, కొత్త చోటు, నాకూ ఇంకా సరిగా దారి తెలియదు. నువ్వు లేకపోతే అస్సలు తెలియడం లేదు. కోపమైతే ఇంటికొచ్చాక తిట్టు. రా, ఎక్కు." తెల్లచొక్కా ఆయన కిటికీ వైపు తిరిగాడు. కాసేపు కూర్చున్నాను, తొందరపెట్టలేదు, తిట్టుకోవడానికి ఎవరికైనా కాస్త సమయం కావాలి. తర్వాత మోకాళ్ళ మీద బలం పెట్టి లేవబోతే లేవలేకపోయాను, నిజం చెప్తున్నాను, ఇందాక సమాధి దగ్గర లేచినట్టు లేవలేకపోయాను, పీచుపళ్ళావిడ చంకలో చెయ్యి వేసి ఎత్తింది.

"ఎక్కారా అమ్మగారు?" అని అడిగాడు డ్రైవరు, మైకు తియ్యడం మరిచిపోయి, బస్సంతా వినబడింది.

"ఎక్కింది. పోనివ్వండి."

తలుపు మూసుకుంది. బస్సు కదులుతోంది, కమ్మీ పట్టుకోండి అని మైకులో చెప్పాడు, అందరూ పట్టుకున్నారు, నాకు చేతులు ఖాళీ లేవు. పీచుపళ్ళావిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది, స్టేషను దాటేదాకా వదల్లేదు.